‘పడదు’ అనే మాట వెనుక
(ఎలర్జీ లక్షణాలు గుర్తించడం – కారణాన్ని పరీక్షలతో తెలుసుకోవడం)



మన హాస్టల్‌లో భోజనాల వరుసలో కూర్చుంటే రోజుకొక్కసారైనా వినిపించే మాట ఒకటుంది. “నాకు పడదు.” ఒకరికి వంకాయ పడదు, ఒకరికి గోంగూర పడదు, మరొకరికి చన్నీళ్లు పడవు. ఎలర్జీ అనే మాట మన ఊళ్లకు రాకముందే మన అమ్మలు, నానమ్మలు ఈ చిన్న మాటతో ఎంతో చెప్పేవారు. మాట మంచిదే. కానీ దీని కింద నాలుగైదు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయడం తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణతో మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట సెలవురోజున పాఠం చెప్పడానికి హాస్టల్‌కు వచ్చినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తన గుడ్డును పక్కవాడి కంచంలో వేయడం చూశాను. “ఎందుకురా?” అంటే, “నాకు ఎలర్జీ సార్, కాయితంల ఉన్నది” అన్నాడు. పెట్టె తెరిచి చూపించాడు. నాలుగు పేజీల రక్తపరీక్ష రిపోర్టు. గుడ్డు, పాలు, పల్లీలు, కందిపప్పు, గోధుమ, వంకాయ, ఇంకా ఎన్నో పేర్లు. అన్నిటి పక్కన ‘పాజిటివ్’ అని ఉంది. వానికి పొద్దున లేవగానే తుమ్ములు, రాత్రి దగ్గు. పత్తి అమ్మిన పైసలు పెట్టి తల్లి పట్నంలో ఒక ప్రైవేటు ల్యాబులో ఆ పరీక్ష చేయించింది. ఏడాదిగా ఆ పిల్లవాడు అన్నం, చారు, మజ్జిగలేని కూరలతో కాలం గడుపుతున్నాడు. మనిషి సన్నబడ్డాడు. తుమ్ములు మాత్రం అట్లనే ఉన్నాయి.

ఆ పిల్లవాని సంగతి చివరిదాకా చెబుతాను. ముందు పాఠంలోకి పోదాం.

1. ఎలర్జీ అనగానేమి?

మన శరీరానికి కావలివాళ్లు ఉన్నారు. క్రిములు లోపలికి వస్తే పట్టుకొని తరిమేది వాళ్లే. దీన్నే రోగనిరోధక వ్యవస్థ అంటాం. కొందరిలో ఈ కావలివాళ్లు హాని చేయని వాటిని కూడా దొంగలనుకొని పొరపడతారు. పుప్పొడి, ఇంటి దుమ్ము, పల్లీ, ఒక మందుగోలీ వంటివాటి మీద యుద్ధం ప్రకటిస్తారు. ఆ యుద్ధంలో కలిగే బాధే ఎలర్జీ. బాధను పుట్టించే పదార్థాన్ని ఎలర్జెన్ అంటారు.

ఇది రెండు అంకాలలో జరుగుతుంది. మొదటిసారి ఆ పదార్థం తగిలినప్పుడు బయటికి ఏమీ కనబడదు. లోపల మాత్రం దానికి ప్రత్యేకంగా ‘ఐ.జి.ఇ.’ అనే ప్రతిరక్షకం తయారై, చర్మంలోనూ ముక్కు, ఊపిరితిత్తుల పొరలలోనూ ఉండే మాస్ట్ కణాలకు అతుక్కొని కాచుకు కూర్చుంటుంది. మళ్లీ అదే పదార్థం వచ్చినప్పుడు మాస్ట్ కణాలు పగిలి హిస్టమిన్ మొదలైన రసాయనాలను వదులుతాయి. హిస్టమిన్ వల్లనే దురద, వాపు, తుమ్ములు, నీరు కారడం. “నిన్నటిదాకా తిన్నాను, ఏం కాలేదు, ఇయ్యాల ఎట్ల వచ్చింది?” అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఎలర్జీ మొదటి పరిచయంలో కాదు, తరువాతి కలయికలో బయటపడుతుంది.

కొంచెం చరిత్ర: ఆస్ట్రియా దేశపు పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ‘ఎలర్జీ’ అనే మాటను సృష్టించారు. అంతకుముందే 1902లో ఫ్రాన్సుకు చెందిన షార్ల్ రిషే, పోల్ పోర్టియే ప్రాణాంతకమైన తీవ్ర ఎలర్జీని వర్ణించి ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు. దీనికి రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఐ.జి.ఇ.ని 1960ల రెండో సగంలో జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు, మరోవైపు స్వీడన్ శాస్త్రవేత్తలు వేర్వేరుగా కనుగొన్నారు.

2. లక్షణాలు – ఏ అవయవంలో ఎట్లా?

ముక్కు: వరుసగా తుమ్ములు, నీళ్లవంటి చీమిడి, ముక్కు దిబ్బడ, ముక్కులోనూ అంగిట్లోనూ దురద. అరచేత్తో ముక్కును పైకి రుద్దే అలవాటు ఉన్న పిల్లలను గమనించండి.

కళ్లు: రెండు కళ్లూ ఎర్రబడి దురద, నీరు కారడం. చీము కట్టి రెప్పలు అతుక్కుంటే అది ఎలర్జీ కాకపోవచ్చు, కండ్లకలక కావచ్చు.

ఊపిరితిత్తులు: రాత్రి రెండు మూడు గంటలకు లేపే దగ్గు, పిల్లికూతలు, ఆట ఆడితే ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండడం. దీన్నే మన దగ్గర దమ్ము అంటారు, పుస్తకాలలో ఉబ్బసం అంటారు.

చర్మం: ఎర్రగా ఉబ్బి, విపరీతంగా దురదపెట్టి, కొన్ని గంటలలో ఒకచోట మాయమై మరొకచోట లేచేవి దద్దుర్లు. మోచేతుల మడతలు, మోకాళ్ల వెనుక చాలాకాలం పొడిబారి దురద పెట్టేది తామరవంటి ఎలర్జీ వ్యాధి, ఎగ్జిమా. ఏదైనా వస్తువు తగిలిన చోట మాత్రమే ఒకటి రెండు రోజుల తరువాత పొక్కులు వస్తే అది స్పర్శ ఎలర్జీ.

కడుపు: తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు నోట్లో దురద, వాంతి, కడుపునొప్పి, వాటితోపాటు దద్దుర్లు.

3. ఎలర్జీ కానివి – హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవలసినవి

మన దగ్గర ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతున్నది.

సర్ది: వైరస్ వల్ల వచ్చే సర్దిలో ఒళ్లునొప్పులు, ఒక్కోసారి జ్వరం ఉంటాయి. వారం పదిరోజుల్లో తగ్గుతుంది. ఎలర్జీకి జ్వరం ఉండదు. దురద ఎక్కువ. వారాలు, నెలలు సాగుతుంది, లేదా ఏటా అదే కాలంలో వస్తుంది.

గజ్జి: రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు, ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఉండడం. ఇది ఎలర్జీ కాదు, గజ్జి పురుగు. ఎలర్జీ గోలీలు ఎన్ని మింగినా పోదు. డాక్టరు ఇచ్చే పెర్మెత్రిన్ పూతమందును గదిలో అందరూ ఒకే రాత్రి మెడ నుండి పాదాల దాకా రాసుకొని, బట్టలు, చద్దర్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడు రాసుకొని తొమ్మిదిమంది రాసుకోకపోతే వారంలో మళ్లీ మొదటికే వస్తుంది. సిగ్గుపడి దాచవద్దు.

తామర: గుండ్రంగా, అంచు ఎర్రగా పాకే మచ్చ శిలీంధ్రం వల్ల వస్తుంది. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాస్తే రెండు రోజులు తగ్గినట్టుండి, తరువాత ఒళ్లంతా పాకుతుంది.

క్షయ: రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, ‘దుమ్ము పడలేదులే’ అని ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. రెండోవైపు, దమ్ము దగ్గును క్షయ అనుకొని భయపడి చదువు మానినవాళ్లూ ఉన్నారు. రెండు తప్పులకూ మందు ఒకటే, పరీక్ష.

దూలగొండి: ఇది తగిలితే ఎవరికైనా దురదే. అందరికీ బాధ పెట్టేది ఎలర్జీ కాదు. నూటిలో కొందరికే బాధ పెట్టేది ఎలర్జీ. గొంగళిపురుగు వెంట్రుకలదీ చాలావరకు ఇదే లెక్క.

పాలు తాగితే కడుపు ఉబ్బరం: ఒంటిమీద దద్దుర్లు లేకుండా కడుపు ఉబ్బి విరేచనమైతే, పాలలోని చక్కెర అరగకపోవడం కావచ్చు. వీరిలో చాలామందికి పెరుగు, మజ్జిగ బాగానే సరిపోతాయి.

4. ‘ఈస్నోఫిల్స్ పెరిగినయి’ అంటే?

దగ్గుతో ఆసుపత్రికి పోయి వచ్చినవారు చెప్పే మాట ఇది. ఈసినోఫిల్స్ అనేవి తెల్ల రక్తకణాలలో ఒక రకం. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉంటాయి. ఎలర్జీలో పెరుగుతాయి. అయితే కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. కనుక వీటి సంఖ్య చూసి ఎలర్జీ అని తీర్పు చెప్పకూడదు. 2015 నుండి ఏటా జరుగుతున్న నులిపురుగుల నివారణ దినాన ఇచ్చే ఆల్బెండజోల్ గోలీని చాటుగా పారవేసే మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. బోదకాలు వ్యాధి ఉన్న ప్రాంతాలలో ఆ వ్యాధి సూక్ష్మక్రిముల మీద శరీరం అతిగా స్పందించి, అచ్చం దమ్ములాగే రాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఈసినోఫిల్స్ 3000 కూడా దాటుతాయి. దీన్ని ట్రాపికల్ ఈసినోఫిలియా అంటారు. దీనికి డైఇథైల్ కార్బమజైన్ మందు సుమారు మూడు వారాలు వాడితే చాలావరకు తగ్గుతుంది. ఆ మందును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో వెలికితెచ్చిన పరిశోధక బృందానికి నాయకుడు మన తెలుగువాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కష్టాల్లో చదువు సాగించి పైకి వచ్చిన ఆయన పేరు హాస్టల్ పిల్లలకు తెలిసి ఉండాలి.

5. మన చుట్టూ ఉన్న కారణాలు

హుస్నాబాద్ 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ నెలలో సిద్దిపేట జిల్లాలో చేరింది. జిల్లా మారినా నేల, గాలి, పంటలు అవే. పత్తి, మక్కలు, వరి.

ఇంటి దుమ్ము పురుగు: కంటికి ఆనదు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. మన ఒంటి నుండి రాలే చర్మపు పొట్టు తిని బొంతలలో, దిండ్లలో, పరుపుల్లో బతుకుతుంది. 1960లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఇంటి దుమ్ములో ఎలర్జీ పుట్టించే ముఖ్య కారణం ఇదేనని చూపించారు. ఉతకని బొంత, ఎండ తగలని గది దీనికి ఇల్లు. వంటశాలలోని బొద్దింకలు కూడా పెద్ద కారణమే.

వయ్యారిభామ: దీన్నే కాంగ్రెస్ గడ్డి అంటారు. తెల్లని చిన్న పూలతో రోడ్ల పక్కన, బడి ఆవరణలో, పొలంగట్లపై ఉంటుంది. 1950లలో దిగుమతి గోధుమలతో మన దేశంలో వ్యాపించిందని చెబుతారు. పూణె దగ్గర దాన్ని మొదట 1950ల నడుమ గుర్తించారు. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం వల్ల ముఖం, మెడ, మోచేతులు నల్లబడి, దురదపెట్టి, చర్మం మందమవుతుంది. పుప్పొడి వల్ల తుమ్ములు, దమ్ము వస్తాయి. శ్రమదానం రోజు మనం వట్టిచేతులతో పీకేది దీన్నే! చేతికి తొడుగులు, పొడుగు చేతుల అంగీ, ముక్కుకు గుడ్డ లేకుండా దీన్ని ముట్టవద్దు. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. ఒకసారి ఒంటికి పడని వారిని ఈ పనికి పిలవకూడదు. అది పని తప్పించుకోవడం కాదు.

పుప్పొడి: సర్కారు తుమ్మ, గడ్డిజాతులు, మక్క పూత. రోడ్ల మధ్య అందంగా పెంచిన కోనోకార్పస్ చెట్టు పుప్పొడి మీద కూడా ఫిర్యాదులు వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటడాన్ని నిషేధించింది.

పంటల దుమ్ము, బూజు: మక్కలు పట్టేటప్పుడు, తడిసిన గడ్డి కదిలించేటప్పుడు లేచే దుమ్ములో బూజు ఉంటుంది. పత్తి జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవారికి సెలవు తరువాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసే జబ్బు వేరే ఉంది. దాన్ని బిస్సినోసిస్ అంటారు. అది మామూలు ఎలర్జీ కాదు, పత్తి దుమ్ము తెచ్చే వృత్తివ్యాధి. సెలవుల్లో మిల్లుకు కూలికి పోయే పెద్ద పిల్లలు, వారి తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

నల్ల జీడి: నొప్పులకు, దెబ్బలకు జీడి పెట్టే అలవాటు మన పల్లెల్లో, ఆదిలాబాద్ అడవి గ్రామాల్లో ఉంది. దాని రసం చర్మాన్ని కాలుస్తుంది, కొందరిలో తీవ్రమైన స్పర్శ ఎలర్జీ కూడా తెస్తుంది. మామిడి, జీడిమామిడి దాని చుట్టాలే. మామిడి సొన తగిలి మూతి చుట్టూ పుండ్లు పడేది అందుకే. కాయను కడిగి, తొడిమ కోసి, సొన పోయాక తినండి.

ఇతరాలు: గిల్టు నగల్లోని నికెల్, సిమెంటు, చెప్పుల రబ్బరు, జుట్టుకు వేసే నల్లరంగు స్పర్శ ఎలర్జీకి కారణాలు. తేనెటీగ, కందిరీగ కుట్టడం, పెన్సిలిన్ జాతి మందులు, కొన్ని నొప్పిగోలీలు తీవ్ర ఎలర్జీ తేగలవు.

6. పరీక్షల కన్నా ముందు పరీక్ష – మీ నోటుబుక్కు

ఎలర్జీ డాక్టరు మొదట అడిగేవి ప్రశ్నలే. జవాబులు మీ దగ్గర సిద్ధంగా ఉంటే సగం రోగనిర్ధారణ అయినట్టే. మూడు నాలుగు వారాలు ఒక నోటుబుక్కులో ఇవి రాయండి:

(అ) బాధ ఏ తేదీన, ఏ గంటకు మొదలైంది? ఎంతసేపు ఉంది?
(ఆ) అప్పుడు ఎక్కడున్నారు? గదిలోనా, మైదానంలోనా, పొలంలోనా?
(ఇ) దానికి ముందు రెండు గంటలలో ఏం తిన్నారు? ఏ గోలీ వేసుకున్నారు?
(ఈ) ఊడ్చడం, దుప్పట్లు దులపడం, పొగ, అగరుబత్తి వంటివి ఉన్నాయా?
(ఉ) పండుగకు ఇంటికి పోతే తగ్గిందా, పెరిగిందా?
(ఊ) ఇంట్లో అమ్మానాన్నలకు, తోబుట్టువులకు దమ్ము, దద్దుర్లు ఉన్నాయా?

దద్దుర్లు, వాపు వచ్చినప్పుడు సెల్‌ఫోనుతో ఫోటో తీసి ఉంచండి. డాక్టరు దగ్గరికి పోయేసరికి అవి మాయమవుతాయి.

7. పరీక్షలు

చర్మంపై గుచ్చే పరీక్ష: దీన్ని స్కిన్ ప్రిక్ టెస్టు అంటారు. ముంజేతి మీద వేర్వేరు ఎలర్జెన్‌ల చుక్కలు వేసి, ప్రతి చుక్క మీదుగా సన్నని మొనతో పైపొరను మాత్రమే గుచ్చుతారు. రక్తం రాదు, నొప్పి చీమ కుట్టినంత. హిస్టమిన్ చుక్క ఒకటి, ఉత్త ద్రవం చుక్క ఒకటి పోల్చడానికి వేస్తారు. 15–20 నిమిషాల తరువాత దోమకాటులాగా ఉబ్బినదాన్ని కొలుస్తారు. ఉత్త ద్రవం కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే పాజిటివ్ అంటారు. పరీక్షకు ముందు సెట్రిజిన్ వంటి ఎలర్జీ గోలీలు సాధారణంగా 5 నుండి 7 రోజులు ఆపాలి, లేకపోతే ఉబ్బవలసినది కూడా ఉబ్బదు. దమ్ము ఇన్‌హేలరు మాత్రం సొంతంగా ఆపవద్దు. అత్యవసర మందులు దగ్గరున్న చోట, డాక్టరు సమక్షంలోనే ఈ పరీక్ష చేయించుకోవాలి.

రక్తపరీక్ష: ఒక్కో పదార్థానికి ఐ.జి.ఇ. ఎంత ఉందో కొలుస్తారు. ఒంటినిండా దద్దుర్లు ఉన్నవారికి, గోలీలు ఆపలేనివారికి ఇది పనికొస్తుంది. ‘మొత్తం ఐ.జి.ఇ.’ ఒక్కటే చూస్తే కారణం తెలియదు, నులిపురుగులున్నా అది పెరుగుతుంది. ఇక ‘ఐ.జి.జి.’ అనే ఆహార పరీక్షలు అమ్ముతున్నారు. అది మనం ఆ ఆహారం తింటున్నామని మాత్రమే చెబుతుంది, ఎలర్జీని కాదు.

అతికించే పరీక్ష: స్పర్శ ఎలర్జీకి ఇదే సరైనది, దీన్ని ప్యాచ్ టెస్టు అంటారు. పదార్థాలను చిన్న గిన్నెల్లో పెట్టి వీపుకు అతికించి, 48 గంటల తరువాత తీసి చూస్తారు. మరో ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అంతవరకు వీపు తడపరాదు. వయ్యారిభామ, నికెల్, సిమెంటు, రబ్బరు ఎలర్జీలు దీనితో తేలుతాయి.

ఊదే పరీక్ష: దమ్ముకు స్పైరోమెట్రీ చేస్తారు. గొట్టంలో బలంగా ఊదించి, ఇన్‌హేలరు ఇచ్చి, కొంతసేపటికి మళ్లీ ఊదిస్తారు. ఊపిరి చెప్పుకోదగినంత మెరుగుపడితే దమ్ము అనే నిర్ధారణకు బలం వస్తుంది.

తినిపించే పరీక్ష: ఆహార ఎలర్జీకి చివరి తీర్పు ఇదే. అనుమానమున్న ఆహారాన్ని ఆసుపత్రిలో రవ్వంతతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ తినిపించి చూస్తారు. ఇంట్లో, హాస్టల్‌లో దీన్ని ఎప్పుడూ చేయరాదు.

8. కాగితం పాజిటివ్, మనిషి నెగెటివ్!

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. పరీక్ష పాజిటివ్ అయితే ఆ పదార్థం శరీరానికి పరిచయమై ఐ.జి.ఇ. తయారైందని మాత్రమే అర్థం. అది తిన్నప్పుడు బాధ కలిగితేనే ఎలర్జీ. కర్ణాటకలో పెద్దవారి మీద జరిపి 2016లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో నూటికి 26 మందికి పైగా రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐ.జి.ఇ. కనిపించింది. కానీ నిజమైన ఆహార ఎలర్జీ ఉన్నట్టు తేలినవారు సుమారు 1.2 శాతమే. అంటే కాగితం చూసి తిండి మానేస్తే ఇరవైమందిలో పంతొమ్మిదిమంది ఉత్తపుణ్యానికి పస్తులుంటారు.

మన పిల్లవాని కథ ఇదే. నోటుబుక్కు రాయించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ ఆ నాలుగు పేజీల కాగితం పక్కన పెట్టి నోటుబుక్కు చదివింది. బాధ ఎక్కువైనవన్నీ ఆదివారం పొద్దుటి పూటలే. ఆదివారం గదులు ఊడ్చి బొంతలు దులుపుతాం. “గుడ్డు తిన్ననాడు ఏమైంది బిడ్డా?” అని అడిగింది. వాడు కొంచెంసేపు ఆలోచించి, “ఏం కాలేదు మేడం. కాయితం వచ్చినంకనే బందు పెట్టిన” అన్నాడు. పెద్దాసుపత్రిలో చర్మపరీక్ష చేస్తే ఇంటి దుమ్ము పురుగుకు గట్టిగా ఉబ్బింది, గుడ్డుకు ఉబ్బలేదు. అక్కడే కూర్చోబెట్టి గుడ్డు తినిపించి రెండు గంటలు చూశారు. ఏమీ కాలేదు. ముక్కులో కొట్టుకునే మందు రాసిచ్చారు, ఊడ్చే పని నుండి తప్పించి నీళ్లు పట్టే పని ఇప్పించాం, బొంతను వారం వారం ఎండలో వేయించాం. రెండు నెలల్లో రాత్రి దగ్గు తగ్గింది. తల్లి వచ్చినప్పుడు, “ఏడాది పొడుగునా నా కొడుకు కంచంల గుడ్డు నేనే తీసేసిన సారూ” అని కండ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు. కాగితాన్ని చదివి చెప్పే మనిషి ఆమెకు దొరకలేదు, అంతే.

9. ప్రాణాపాయ లక్షణాలు – నిమిషాలే లెక్క

గుడ్డు, పల్లీ, చేప, రొయ్య తిన్నాక గానీ, సూదిమందు వేశాక గానీ, తేనెటీగలు కుట్టాక గానీ కింది వాటిలో ఏవైనా కనిపిస్తే అది అనాఫిలాక్సిస్:

• ఒళ్లంతా దద్దుర్లతోపాటు ఊపిరి ఆడకపోవడం
• నాలుక, గొంతు వాయడం, గొంతు బొంగురుపోవడం
• కళ్లు తిరగడం, చెమటలు, సొమ్మసిల్లడం
• దద్దుర్లతోపాటు ఆగని వాంతులు

వెంటనే 108కి ఫోను చేయాలి. 2005 నుండి మన రాష్ట్రంలో ఉన్న సేవ ఇది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. నడిపించుకుంటూ, బండి మీద నిలబెట్టి తీసుకుపోవద్దు. దీనికి మందు తొడకండరంలో వేసే ఎడ్రినలిన్ సూది. సెట్రిజిన్ గోలీ వేసి తగ్గుతుందేమోనని కాచుకు కూర్చోవడం ప్రమాదం. తగ్గిన తరువాత కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, మళ్లీ తిరగబెట్టవచ్చు. తేనెటీగ ముల్లు ఉంటే ఆలస్యం చేయకుండా గోటితో గీకి తీసేయాలి.

10. చికిత్స, కొన్ని అపోహలు

మొదటి చికిత్స కారణానికి దూరంగా ఉండడం. రెండవది మందులు: నిద్రమత్తు తక్కువగా ఉండే ఎలర్జీ గోలీలు, ముక్కు మందు, దమ్ముకు ఇన్‌హేలరు. “ఇన్‌హేలరు అలవాటైపోతది” అనే భయం వద్దు. గోలీ కంటే చాలా తక్కువ మందు నేరుగా ఊపిరితిత్తులకు పోతుంది. అప్పటికప్పుడు ఉపశమనమిచ్చే నీలం ఇన్‌హేలరు ఒక్కదాని మీదనే బతకడం మాత్రం మంచిది కాదు. లోపలి వాపును తగ్గించే మందు కూడా కావాలి. అది పీల్చాక నోరు పుక్కిలించాలి. మూడవది ఇమ్యునోథెరపీ: కారణమైన పదార్థాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ మూడు నుండి ఐదేళ్లు ఇచ్చి శరీరానికి అలవాటు చేయడం. 1911లో లండన్‌లో లెనర్డ్ నూన్ దీన్ని ప్రచురించారు. ఇది అందరికీ అవసరం లేదు.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబంవారు ఇచ్చే చేపప్రసాదం కోసం మన ఊళ్ల నుండీ పోతారు. 1845 నుండి ఇస్తున్నామని వారు చెబుతారు. అది దమ్మును నయం చేస్తుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. నమ్మకంతో పోయేవారు పోవచ్చు, కానీ ఇన్‌హేలరు మానవద్దు. చేప పడనివారు, ఆయాసం ఎక్కువగా ఉన్నవారు పోకపోవడమే మేలు. దీర్ఘకాలం ఎవరు ఇచ్చినా పేరు తెలియని గోలీలు, పొట్లాలు మింగవద్దు. వాటిలో స్టెరాయిడ్లు ఉంటే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు బలహీనపడతాయి, పిల్లల ఎదుగుదల తగ్గుతుంది.

11. హాస్టల్‌లో మనం చేయగలిగినవి

• పొడి చీపురుతో ఊడ్చే ముందు నీళ్లు చల్లాలి, లేదా తడిగుడ్డతో తుడవాలి. దమ్మున్నవారు అప్పుడు బయట ఉండాలి.
• బొంతలు, దిండ్లు వారానికొకసారి మంచి ఎండలో. చద్దర్లు వేడినీళ్లలో.
• పెట్టెల కింద, వంటశాలలో బొద్దింకలు లేకుండా రాత్రి ఎంగిలి ఉంచవద్దు.
• ఎవరికి ఏ మందు, ఏ ఆహారం నిజంగా పడదో హాస్టల్ రిజిస్టరులో ఒక పేజీ. ఆ పిల్లవాని జేబులో ఒక చిన్న చీటీ.
• శ్రమదానానికి తొడుగులు, ముక్కుగుడ్డలు.
• హుస్నాబాద్ ప్రభుత్వ ఆసుపత్రితో మొదలుపెట్టండి. అక్కడ తేలనివాటికి కరీంనగర్, సిద్దిపేట, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రుల చర్మవ్యాధుల, ఛాతీ విభాగాలకు చీటీ రాయించుకొని పోవచ్చు. నోటుబుక్కు మరచిపోవద్దు.

మిత్రులారా, “నాకు పడదు” అని ఎవరైనా అంటే నవ్వవద్దు, గుడ్డిగా నమ్మనూ వద్దు. “ఎప్పుడు? ఎక్కడ? ఎంతసేపటికి?” అని అడగండి. ఆ మూడు ప్రశ్నలే శాస్త్రానికి మొదటి మెట్టు. పేదవాని కంచంలో నుండి ఒక గుడ్డు తీసేయాలంటే దానికి బలమైన సాక్ష్యం కావాలి. అట్లాగే ఒక పిల్లవాడు రాత్రిపూట ఊపిరి అందక లేచి కూర్చుంటే, తెల్లారేదాకా ఆగకుండా వార్డెన్‌గారిని లేపే ధైర్యం మనకు కావాలి.

మననం చేసుకుందాం

1. సర్దికి, ముక్కు ఎలర్జీకి గల తేడాలు మూడు రాయండి.
2. దూలగొండి దురద ఎలర్జీ ఎందుకు కాదు?
3. ఈసినోఫిల్స్ పెరగడానికి ఎలర్జీ కాక మరో రెండు కారణాలు చెప్పండి.
4. చర్మపరీక్షకు ముందు ఎలర్జీ గోలీలు ఎందుకు ఆపాలి?
5. మీ గదిలో గజ్జి ఉన్నవారు, ఎలర్జీ ఉన్నవారు ఎవరో ఎట్లా గుర్తుపడతారు? గుర్తుపట్టాక ఏం చేస్తారు?

(అయిదో ప్రశ్నకు జవాబు పుస్తకంలో రాయడం కాదు, ఈ ఆదివారమే చేసి చూపించాలి.)

– హాస్టల్ పూర్వ విద్యార్థి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు